కదలకు, నువ్వే స్కేలు

స్కేలు మేష్టారికి లోకంలో ఒక్కటే పట్టింపు. ఫోటో అంటూ తీస్తే అందులో కొలతకి ఏదో ఒకటి ఉండి తీరాలి. సుత్తి కావచ్చు, పెన్ను మూత కావచ్చు, చిల్లర బిళ్ళ కావచ్చు, ఏదీ దొరక్కపోతే మనిషి కావచ్చు. కొలత లేని ఫోటో ఆయన దృష్టిలో ఫోటోయే కాదు, కాగితం దండగ.

ఆయన యూనివర్సిటీలో జియాలజీ చెప్పేవారు. ఆ చదువులో ఈ అలవాటు కొంత ఉండవలసిందే. రాతిగోడను ఫోటో తీసి పక్కన ఏమీ పెట్టకపోతే, చూసినవాడికి అది కొండో గులకరాయో తెలియదు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. కానీ మేష్టారు కన్నకూతురి పెళ్ళిఫోటోలో కూడా వధూవరుల మధ్య సుత్తి నిలబెట్టారు. ఊయల్లో మనవడి ఫోటో తీస్తే, వాడి బొజ్జ మీద కంపాసు పెట్టారు.

"కొండకంటే సరే, అల్లుడికి కొలత దేనికండీ?" అని ఆయన భార్య నెత్తి కొట్టుకుంది.

"ఇవాళ అక్కర్లేదు. వందేళ్ళ తర్వాత చూసేవాళ్ళకి కావాలి."

"వందేళ్ళ తర్వాత మన అల్లుణ్ణి ఎవరు చూస్తారు?"

"ఆ మాట రాళ్ళ గురించి కూడా అంటారు జనం," అన్నారు మేష్టారు.

ఒకసారి గుర్తింపు కార్డుకి ఫోటో తెమ్మంటే, చెవి పక్కన చిన్న స్కేలు పెట్టుకుని దిగిన ఫోటో తీసుకెళ్ళారు. ఆఫీసు గుమాస్తా మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారీ అదే ఫోటో వచ్చేసరికి ప్రాణం విసిగి అంటించేశాడు. ఆయన చెవి ఆరున్నర సెంటీమీటర్లని ఆ కార్డు చూసినవాళ్ళెవరైనా చెప్పగలరు.

ఈ పట్టింపుకి బలైనవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, అందరికంటే ఎక్కువ నలిగింది పొట్టి. ఆ పిల్లకి అసలు పేరు లేక కాదు. ఇంట్లో పుట్టినప్పటినుంచీ పొట్టీ అనే పిలిచారు, కాలేజీలో చేరాక చూసినవాళ్ళంతా తమంతట తామే అలా పిలిచారు. తండ్రి టైలరు. ఇంటి ముందుగదిలోనే మిషను, వెనకగదిలో కాపురం. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి పొట్టే.

పొట్టి జియాలజీ కోరుకుని చేరలేదు. సీట్ల పంపకంలో తన వంతు వచ్చేసరికి మిగిలింది అదే. "రాళ్ళ చదువా?" అని తండ్రి కాసేపు ఆలోచించి, "పోనీలే, గుడ్డలా కాదు, చిరగవు," అని ఫీజు కట్టేశాడు.

మొదటేడు మొదటి ఫీల్డు ట్రిప్పులోనే పొట్టి పరువు పోయింది. రోడ్డు పక్క వాగులో తలా ఒక రాయి ఏరుకొచ్చి అదేమిటో చెప్పమన్నారు మేష్టారు. పొట్టి రాత్రంతా పుస్తకం బట్టీపట్టి వచ్చింది. బూడిదరంగు ముద్దలో గుండ్రటి గులకరాళ్ళు పొదిగినట్టున్న ముక్క ఒకటి దొరికితే, అందరికంటే ముందు చెయ్యెత్తి, "కాంగ్లోమరేట్ సార్! ప్రాచీన నదీగర్భంలో గులకరాళ్ళు మట్టితో కలిసి లక్షల సంవత్సరాలకి గట్టిపడితే ఏర్పడుతుంది సార్!" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. మేష్టారు ఆ ముక్కను వెనక్కి తిప్పారు. వెనకవైపు ఒక ఇనపచువ్వ బయటికొచ్చి ఉంది. అది పోయినేడు వరదకి కూలిన కల్వర్టు ముక్క.

నలభైమంది నవ్వారు. బస్సు డ్రైవరు కూడా నవ్వాడు. పొట్టికి భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది, అదీ జియాలజీ పాఠంలో చెప్పినంత నిదానంగా కాకుండా వెంటనే.

ఆ రోజునుంచీ ఫీల్డుకి వెళ్ళినప్పుడల్లా పొట్టికి తలనొప్పి పట్టుకునేది. అందరూ దిగిపోయేవారు. ఆ పిల్ల మాత్రం వెనక సీట్లో నుదుటికి రుమాలు కట్టుకుని కూర్చునేది. దిగితే ఎవరో ఏదో అడుగుతారు, తను ఏదో అంటుంది, మళ్ళీ అందరూ నవ్వుతారు. ఇలా ఏడాది గడిపి వేరే కోర్సుకి మారిపోదామనుకుంది. కాని ఆ కోర్సువాళ్ళు ఇచ్చిన ఫారంలో, ఇక్కడి ఫీల్డువర్కు పూర్తి చేసినట్టు సంతకం కావాలని రాసి ఉంది.

మూడో ట్రిప్పులో మేష్టారు బస్సు కిటికీ దగ్గరికి వచ్చారు. ఎండకి నల్ల గొడుగు, మెడలో కెమెరా, దాని తోలు పట్టీ తెగితే కట్టిన బూటు లేసు.

"అమ్మాయ్, నువ్వెంత ఎత్తు?"

"సార్?"

"ఎత్తు. నూట యాభై ఉంటావా?"

"తెలీదు సార్. నాకు తలనొప్పి..."

"తలతో పనిలేదు. దిగు. స్కేలు కావాలి. సుత్తి పెడితే ఆ గోడ ముందు అగ్గిపుల్లలా ఉంది. నువ్వు ఊరికే నిలబడితే చాలు, మాట్లాడనక్కర్లేదు."

మాట్లాడనక్కర్లేదన్న మాటకి పొట్టి దిగింది. దిగి తప్పు చేశానని అయిదు నిమిషాల్లోనే తెలిసింది. ఎందుకంటే స్కేలు మేష్టారికి ఒక్క ఫోటో తియ్యడానికి పావుగంట పడుతుంది.

"కుడికి జరుగు. ఇంకా. ఇంకా. అబ్బ, అంత కాదు. ఆ తెల్ల పొర ఎక్కడ మొదలవుతోందో అక్కడ వేలు పెట్టు."

"ఇక్కడా సార్?"

"నాకేం తెలుసు? నేను ఇరవై గజాల దూరంలో ఉన్నాను. రాయి నీ ముక్కు ముందుంది. రంగు ఎక్కడ మారుతోందో నువ్వే చూడు."

"ఇక్కడ మారుతోంది సార్."

"గరుకుగా ఉందా, నున్నగా ఉందా?"

"కింద నున్నగా ఉంది. పైన గరుకు."

"అయితే వేలు ఆ రెండిటి మధ్య పెట్టు. కదలకు. మబ్బు వస్తోంది. మబ్బు పోనీ. ఈలోగా దాని కింద ఇంకేముందో చూస్తూ ఉండు, కళ్ళు ఖాళీగా ఉంచుకోకు, ఫోటోలో తెలిసిపోతుంది."

మబ్బు వెళ్ళింది. మేష్టారు కెమెరా ఎత్తారు, దించారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు. పొట్టి చెయ్యి తిమ్మిరెక్కింది. చివరికి టక్కున శబ్దం వచ్చింది. మిగతా నలభైమంది అప్పటికే రాసుకోవడం ముగించుకుని చెట్టునీడలో టీ తాగుతున్నారు.

అప్పటినుంచి అది రివాజైపోయింది. బస్సు ఆగుతుంది, మేష్టారు "స్కేలేదీ?" అంటారు, నలభై వేళ్ళు వెనక సీటు చూపిస్తాయి. పొట్టి మనసులో తిట్టుకుంటూ దిగుతుంది. క్వారీ గోడ పక్కన, వాగు ఒడ్డున, రైలుమార్గం కోసం తొలిచిన కొండచరియల్లో, ఎండలో, చినుకుల్లో, అన్నిచోట్లా నిలబడింది. ఒకచోట చీమల పుట్ట మీద నిలబడింది. "సార్, చీమలు!" అంటే, "ఎన్ని మిల్లీమీటర్లుంటాయి?" అన్నారు ఆయన.

పైగా ప్రతి టర్మూ మొదట్లో ఆయన తన గది తలుపు పక్కన పొట్టిని నిలబెట్టి టేపుతో కొలిచి గోడ మీద గీత గీసేవారు. స్కేలు పెరిగితే లెక్కలు తప్పుతాయట. రెండేళ్ళలో ఆ గీత ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అందుకు ఆయన సంతోషించినంతగా, ఎదగనందుకు ఒక మనిషిని చూసి ఎవరూ సంతోషించి ఉండరు.

మొదటేడు చివర డిపార్టుమెంటువాళ్ళు ఫీల్డు గైడు అని ఒక చిన్న పుస్తకం అచ్చేశారు. అందులో పొట్టి ఫోటో పడిందని తెలిసి తల్లి ఇరుగుపొరుగులందరికీ చెప్పింది. పెద్దమ్మ పనిగట్టుకుని చూడ్డానికి వచ్చింది. తండ్రి మిషను ఆపి, చేతులు కడుక్కుని పుస్తకం తెరిచాడు. పద్నాలుగో బొమ్మలో పెద్ద రాతిగోడ, దాని అడుగున మూలగా పొట్టి. కింద అచ్చులో ఇలా ఉంది: "మడతపడిన సున్నపురాతి పొరలు. స్కేలు: విద్యార్థిని, 151 సెం.మీ."

"పేరేదే?" అంది పెద్దమ్మ.

"వెయ్యరు పెద్దమ్మా. సుత్తికి పేరు వేస్తారా?"

"నువ్వు సుత్తివా? మూడు నెలలు ఎండలో నిలబెట్టి పేరు వెయ్యకపోతే ఎలా? ఏమయ్యా, నువ్వు మాట్లాడవేం?" అని పెద్దమ్మ తండ్రి మీద పడింది.

తండ్రి పుస్తకంలోంచి తలెత్తాడు. ముఖం జేగురుమన్ను రంగుకి తిరిగింది. "నూట యాభై ఒకటేమిటి? మా పిల్ల నూట యాభై రెండున్నర. పోయిన నెలే లంగా కుట్టాను, నాకు తెలీదా?" అన్నాడు.

పేరు పోయినందుకు కాదు, సెంటీమీటరున్నర పోయినందుకు ఆయనకి కడుపు రగిలిపోయింది. మర్నాడు మెడలో టేపు వేసుకుని నేరుగా మేష్టారి గదికి వెళ్ళాడు. పొట్టి వద్దు నాన్నా వద్దు నాన్నా అంటూ వెంటపడింది.

"అచ్చులో తప్పు పడిందండీ," అన్నాడు తండ్రి.

"నా కొలతలో తప్పుండదు," అన్నారు మేష్టారు.

ఇద్దరూ చెరో టేపు తీశారు. పొట్టిని గోడకి నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరు కొలిచారు. తండ్రి జడ మీద పెట్టి కొలిచాడని మేష్టారు, మేష్టారు పిల్లని నిటారుగా నిలబడనివ్వలేదని తండ్రి వాదించుకున్నారు. గంటసేపు జరిగింది. వరండాలో పిల్లలు గుంపుగా చేరి చూస్తున్నారు. చివరికి మేష్టారి టేపు మొదటి అంగుళం దగ్గర సాగిపోయిందని తేలింది. టైలరు దాన్ని వేలితో సాగదీసి చూపించాడు.

మేష్టారు ఆ టేపుని వెలుతురుకి ఎత్తి చూసుకున్నారు. "ఇరవై ఏళ్ళుగా దీంతోనే కొండలు కొలిచాను," అన్నారు నీరసంగా.

"కొండలకి ఫరవాలేదండీ, కాస్త వదులుంచినా బాగానే ఉంటాయి," అని ఓదార్చాడు తండ్రి. అలా ఓదారుస్తూనే మేష్టారి ప్యాంటు నడుము దగ్గర వదులైందని చూసి, అక్కడికక్కడే కొలతలు రాసుకున్నాడు. ఆ రోజునుంచీ వాళ్ళిద్దరూ మిత్రులు. పొట్టి మాత్రం సిగ్గుతో వారం రోజులు కాలేజీకి పోలేదు. వెళ్ళేసరికి అందరూ "నూట యాభై రెండున్నర" అని పిలవడం మొదలుపెట్టారు. ఈ గొడవలో పడి, వేరే కోర్సుకి మారే ఫారం గడువు కూడా దాటిపోయింది.

ఇక మూడో ఏడు. ఆ ఏడు ఒక్కొక్క విద్యార్థికి కొంత నేల అప్పజెప్తారు. అక్కడ ఏ రాయి ఎక్కడుందో, ఏ పొర ఎటు వాలిందో చూసి మ్యాపు గీసి, ఫోటోలతో రిపోర్టు రాయాలి. బయటి యూనివర్సిటీనుంచి వచ్చే ఎగ్జామినరు దాని మీద ప్రశ్నలు వేస్తారు. రిపోర్టు తప్పితే డిగ్రీ లేదు. పొట్టికి ఊరి చివర పాత క్వారీ, దాని వెనక వాగు వచ్చాయి.

అది రీలు కెమెరాల కాలం. డిపార్టుమెంటుకి ఒకే కెమెరా ఉండేది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు సంతకం పెట్టి ఒక రోజుకి తీసుకెళ్ళాలి. పొట్టి తన వంతు వదిలేసుకుంది. ఎందుకంటే మేష్టారు తన సొంత కెమెరా మెడలో వేసుకుని ఆరుసార్లు క్వారీకి వచ్చారు. ఆరుసార్లూ పొట్టిని ప్రతి మూలా నిలబెట్టారు. టక్కు టక్కుమని కనీసం నలభై ఫోటోలు తీశారు.

"నాకేం భయం, నా ఫోటోలన్నీ సార్ దగ్గరున్నాయి," అనుకుంది పొట్టి. ఇన్నాళ్ళ ఎండకీ ఇప్పటికి ఫలితం దక్కిందనుకుంది.

రిపోర్టు ఇవ్వడానికి ఇరవై రోజులుందనగా ఫోటోలు అడిగింది.

"కడగడానికి ఇవ్వాలి," అన్నారు మేష్టారు.

వారం తర్వాత అడిగింది. "కడుగుతున్నారు."

ఇంకో మూడు రోజులాగి అడిగింది. "ఆరబెడుతున్నారు."

"మూడు రోజులు ఆరతాయా సార్? మా ఇంట్లో దుప్పట్లే సాయంత్రానికి ఆరతాయి!"

"దుప్పటి వేరు, ఫోటో వేరు," అని ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

ఎనిమిది రోజులు మిగిలాయి. పొట్టి తనే ఫోటో స్టూడియోకి వెళ్ళింది. మేష్టారి పేరు చెప్పగానే స్టూడియో ఆయన నవ్వాడు.

"గొడుగు సారా? ఆయన రీలిచ్చి రెండేళ్ళు దాటిందమ్మా."

"అదేమిటి? మొన్న నలభై ఫోటోలు తీశారు."

"దేంతో తీశారు? ఆ కెమెరా ఎప్పుడో పోయింది. ఒకసారి నా దగ్గరికి తెచ్చారు. వెనక మూత తీస్తే లోపల సాలీడు కాపురం పెట్టి ఉంది. బాగుచేస్తానంటే వద్దన్నారు. నొక్కితే శబ్దం వస్తోందా అని అడిగారు. వస్తోందన్నాను. అయితే చాలని మెడలో వేసుకుని వెళ్ళిపోయారు."

పొట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్టూడియోనుంచి డిపార్టుమెంటు దాకా మైలు దూరం ఒక్క ఊపున నడిచింది. మేష్టారు గదిలో కూర్చుని ప్రశాంతంగా పెన్సిలు చెక్కుకుంటున్నారు.

"సార్, మీ కెమెరాలో రీలు లేదు."

"లేదు," అన్నారు ఆయన, వానొస్తోంది అన్నంత మామూలుగా.

"రెండేళ్ళుగా లేదు!"

"రెండేళ్ళయిందా? అవును, అయి ఉంటుంది."

"మరి నన్నెందుకు నిలబెట్టారు సార్? చీమలు కుట్టాయి! జ్వరంలో నిలబడ్డాను! నా వంతు కెమెరా కూడా వదులుకున్నాను! ఎనిమిది రోజుల్లో రిపోర్టివ్వాలి, ఒక్క ఫోటో లేదు! నేను తప్పితే మా నాన్నకి ఏం చెప్పను?" అంది పొట్టి. మేష్టారి మీద అంతగా అరుస్తుందని ఆ పిల్లకే తెలియదు. అయినా వెనక్కి తగ్గలేదు.

మేష్టారు చెక్కిన పెన్సిలు ఆ పిల్ల ముందుకి జరిపారు. "ఫోటోలు లేకపోతే బొమ్మలు గియ్యి. మా కాలంలో అందరం గీసేవాళ్ళం."

"నాకు బొమ్మలు రావు!"

"రావని ఎవరన్నారు? గీశావా ఎప్పుడైనా?"

పొట్టి పెన్సిలు విసిరికొట్టబోయి, పెద్దవాళ్ళ ముందు బాగుండదని లాక్కుని వచ్చేసింది. దారి పొడుగునా తిట్టుకుంది. మూడేళ్ళు తనను ఎగతాళి చేశారని, ముసలాయనకి మతి పోయిందని, ఈ మనిషిని నమ్మి కొంప ముంచుకున్నానని ఇంటికొచ్చి తల్లి ముందు కూలబడింది.

తండ్రి మొత్తం విన్నాడు. గుడ్డ కత్తిరించే ముందు నమూనాలు గీసుకునే పెద్ద కాగితం ఒకటి బల్ల మీద పరిచాడు. "నీకు మొదటగా ఏది గుర్తుంది?" అని అడిగాడు.

"ఏదీ గుర్తులేదు నాన్నా."

"క్వారీలో మొదట ఎక్కడ నిలబడ్డావు?"

"ఉత్తరం గోడ దగ్గర. కుడి చెయ్యి తెల్ల పొర మీద పెట్టాను."

"నీ చెయ్యి ఎత్తితే వేళ్ళు ఎంత ఎత్తుకొస్తాయో నాకు తెలుసు. పొర అక్కడ గియ్యి. తర్వాత?"

పొట్టి గీసింది. తెల్ల పొర కింద వేలు నున్నగా తగిలిన మట్టిరాయి వచ్చింది. దాని కింద రెండు వేళ్ళ మందాన ఎర్రగీత. మోకాలి దగ్గర ఆల్చిప్పల ముద్రలు, అన్నీ బోర్లా పడి ఉన్నాయి. ఎడమ భుజం వెనక పగులు ఉండేది, అందులోంచి చల్లటి గాలి మెడకి తగిలేది. గీస్తుంటే ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. పావుగంట కదలకుండా ఒక రాయికి ముక్కు ఆనించి నిలబడితే, ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ రాయి తలలోకి ఎక్కుతుందని అప్పుడు తెలిసింది. గీత వంకర పోతే చెరిపి మళ్ళీ గీసింది. ఎనిమిది రోజుల్లో ఇరవై రెండు బొమ్మలు అయ్యాయి.

ఒక్క చిక్కు మిగిలింది. బొమ్మకైనా కొలత ఉండాలి కదా. పొట్టి కాసేపు ఆలోచించి, కసితీరా, ప్రతి రాతిగోడ కిందా గొడుగు పట్టుకున్న ఒక బొజ్జ మనిషిని నిలబెట్టింది. ప్యాంటుకి కొలతలు తీసుకున్నప్పుడే రాసుకున్న మేష్టారి ఎత్తు తండ్రి పుస్తకంలో భద్రంగా ఉంది.

వైవా రోజు వచ్చింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు గుమ్మంలో తల వంచుకుని లోపలికి రావలసినంత పొడుగుమనిషి. ఆయన నవ్వడం ఎవరూ చూడలేదని, పోయినేడు అయిదుగురిని తప్పించారని అందరూ చెప్పుకున్నారు. స్కేలు మేష్టారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తనకేమీ సంబంధం లేనట్టు బయటికి చూస్తున్నారు. ఎగ్జామినరు పొట్టి రిపోర్టు పేజీ తర్వాత పేజీ తిప్పారు.

"ఫోటోలేవీ?"

"లేవు సార్."

"ఎందుకు లేవు?"

"కెమెరా పనిచెయ్యలేదు సార్." ఎవరి కెమెరా అని అడిగితే చెప్పేద్దామని పొట్టి పళ్ళ బిగువున కాచుకుంది. ఆయన అడగలేదు.

"అన్ని బొమ్మల్లోనూ గొడుగు పట్టుకుని ఒకాయన ఉన్నాడు. ఎవరు?"

"స్కేలు సార్."

"ఎంత?"

"నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు. గొడుగు లెక్కలోకి రాదు సార్."

మేష్టారు దగ్గారు. ఎగ్జామినరు మ్యాపు విప్పి ఒకచోట వేలు పెట్టారు. "ఇక్కడ తెల్ల పొర వేశావు. వాగు దగ్గర మళ్ళీ వేశావు. రెండు వేరువేరు పొరలా, ఒకటేనా?"

"ఒకటే సార్. తెగి కిందికి జారింది."

"ఎలా చెప్పగలవు? తెల్ల పొరలన్నీ తెల్లగానే ఉంటాయి."

మూడేళ్ళ కిందట అయితే పొట్టి ఇక్కడ తల దించుకునేది. ఇప్పుడు దించుకోలేదు. "రెండిటి కిందా రెండు వేళ్ళ ఎర్రగీత ఉంది సార్. దాని కింద చిప్పలు బోర్లా పడి ఉన్నాయి, రెండుచోట్లా అంతే. మధ్యలో నలిగిన రాయి ఉంది, నా జానెడు వెడల్పు. చెయ్యి పెట్టి చూశాను సార్," అంది.

"ఎంతసేపు చూశావు?"

"పావుగంట సార్. మబ్బు వస్తే అరగంట."

ఎగ్జామినరు పెన్ను కింద పెట్టారు. మేష్టారి వైపు తిరిగి, "మీరు కాస్త టీ తాగి రండి సార్," అన్నారు. మేష్టారు బుద్ధిగా లేచి వెళ్ళిపోయారు. తలుపు మూసుకోగానే ఎగ్జామినరు గొంతు తగ్గించి, "కెమెరా అదేనా? తెగిన తోలు పట్టీ, బూటు లేసు?" అని అడిగారు.

పొట్టి నోరు వెళ్ళబెట్టింది. "మీకెలా తెలుసు సార్?"

"నేను కూడా ఇక్కడే చదివానమ్మా, ఇరవై రెండేళ్ళ కిందట. బస్సులో ముసుగు తన్ని పడుకునేవాణ్ణి. దిగితే ఏదైనా అడుగుతారని భయం. నాకు నత్తి ఉండేది, నోరు తెరిస్తే అందరూ నవ్వేవారు. ఒకరోజు ఆయన వచ్చి స్కేలు కావాలి, దిగమన్నారు. స్కేలుని ఎవరూ ఏమీ అడగరు కదా అని దిగాను." ఆయన బొమ్మల కాగితాలు సర్దుతూ మళ్ళీ అన్నారు. "నా తర్వాత ఒకమ్మాయి నిలబడింది. ఆవిడ ఇప్పుడు గనుల శాఖలో ఉంది. ఆవిడ తర్వాత ఒక సంగీతం పిచ్చివాడు. ప్రతి బ్యాచిలోనూ బస్సు దిగనివాళ్ళు ఒకళ్ళుంటారు. ఆయనకి ప్రతి బ్యాచిలోనూ ఒక స్కేలు కావాలి."

"మీ ఫోటోలైనా వచ్చాయా సార్?"

"ఒక్కటి వచ్చింది. అందులో నాకు తల లేదు. అడిగితే, స్కేలుకి తల దేనికీ అన్నారు."

ఆయన నవ్వారు. ఆయన నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. పొట్టికి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ళుగా ఒక మనిషిని మనసులో తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అన్నీ వెనక్కి తీసుకుందామంటే, చీమల విషయం మాత్రం ఇంకా మంటగానే ఉంది. ఎగ్జామినరు మార్కుల కాగితం మీద వేసిన అంకె చూశాక ఆ మంట కూడా కొంత చల్లారింది.

బయటికొచ్చేసరికి మేష్టారు వరండాలో ఉన్నారు. పొట్టి ఆయన దగ్గరికి నడిచింది. చెప్పాలనుకున్నది చాలా ఉంది.

"సార్, ఆయన నాకంతా చెప్పారు. మీరు..."

"నీ ఏడో బొమ్మ చూశాను," అని ఆయన అడ్డుపడ్డారు. "నా పొట్ట ఎక్కువ వేశావు. మూడు సెంటీమీటర్లు తగ్గించాలి. మీ నాన్నగారి దగ్గర కొలత ఉండగా అలా ఎలా వేశావు?"

"సార్, నేను థాంక్స్ చెబుదామని..."

"థాంక్స్‌కి కొలత లేదు. పద పద, ఫస్టియర్ వాళ్ళ బస్సు బయల్దేరుతోంది, నేను వెళ్ళాలి."

ఈ మనిషితో ఎవరూ వేగలేరనుకుంటూ పొట్టి ఆయన వెనకే నడిచింది. బస్సు దగ్గర కొత్త పిల్లలు సుత్తులు ఊపుకుంటూ గోల చేస్తున్నారు. అందరూ ఎక్కుతూ దిగుతూ ఉంటే, చివరి సీట్లో ఒక పిల్ల మాత్రం చున్నీ ముఖం మీదికి లాక్కుని, కిటికీకి తల ఆనించి కూర్చుంది. పోయిన ట్రిప్పులో ఏదో అని అందరిచేతా నవ్వించుకుందట. మేష్టారు గొడుగు మీద గడ్డం ఆనించి ఆ పిల్ల వైపే చూస్తున్నారు. మనిషి ఎంత ఎత్తుంటుందో కళ్ళతోనే లెక్క కడుతున్నారు.

పొట్టి ఆయన్ని చూసింది, ఆ పిల్లని చూసింది, ఆయన మెడలో ఉత్త కెమెరాని చూసింది. తర్వాత బస్సెక్కి వెనక సీటు దాకా వెళ్ళింది.

"ఇవాళ సార్‌కి స్కేలు కావాలట. బస్సు ఆగగానే దిగు," అంది.

"నేను దిగనక్కా. నాకేమీ రాదు. అడిగితే ఏం చెప్పను?"

"ఎవరూ ఏమీ అడగరు. ఊరికే రాయి పక్కన నిలబడాలి, అంతే."

ఆ పిల్ల చున్నీ కాస్త పక్కకి తీసింది. "ఫోటో బాగా వస్తుందా అక్కా?"

"మా సార్ తీస్తే ఇక చెప్పాలా!" అంది పొట్టి, ముఖంలో ఒక్క కండ కదలకుండా. "జుట్టు సరిచేసుకో."